మోటరుఖానా తాళం

1941 సెప్టెంబరు 30, మంగళవారం. దసరా.

ఈ నోటుబుక్కు నా పెట్టె అడుగున ఉంటుంది, ఎవరూ చదవరు, కనుక మొహమాటం లేకుండా రాసుకుంటాను. చేవెళ్ల బజారులో ఇన్ని దుకాణాలున్నాయి గానీ ఆయుధపూజ నా అంత నిష్ఠగా చేసే సేటు ఒక్కడు లేడు. అందరూ తక్కెడకు బొట్టు పెట్టి, గల్లాపెట్టెకు దండం పెట్టి చేతులు దులుపుకుంటారు. నేను తెల్లవారుజామున, బజారు లేవకముందే, స్నానం చేసి మోటరుఖానా తాళం దగ్గరికి వెళ్తాను.

ఆ తాళం మా నాయన పాండురంగం సేటు తెచ్చింది. పట్నంలో ఎవరో నవాబుగారి పాత దేవిడీ భవనం పడగొడుతుంటే ముచ్చటపడి కొన్నాడు. మోటరు కొన్నాక దాన్ని నిలిపేందుకు దుకాణం పక్కన కట్టించిన మోటరుఖానా తలుపుకు లోపలివైపు నాలుగు మరలతో బిగించాడు. బయట కనిపించేది తాళంచెవి పెట్టే రంధ్రం ఒక్కటే. నాయన పండగనాడు ఆ రంధ్రం పైన ఒక్క బొట్టు పెట్టి ఊరుకునేవాడు. ఆయనకు అన్నిట్లోనూ తొందరే. ఆయన పోయాక ఈ పన్నెండేళ్లుగా నేను పద్ధతి మార్చాను. లక్ష్మి ఉండేది లోపల, బొట్టు బయట పెడితే ఏం లాభం? అందుకని ఇనప పుల్లతో పోయినేటి కుంకుమ గీకేసి, రంధ్రంలోకే పసుపు, కుంకుమ, నాలుగు అక్షింతలు వేసి, పైన చిన్న గరిటెడు ఆముదం పోస్తాను.

వెనక నిలబడి చూస్తున్న నా భార్య సుమిత్ర, "దానికి ముద్దలు పెట్టి తినిపిస్తున్నరా ఏంది?" అన్నది. పండగపూట కదా అని ఊరుకున్నాను.

అక్టోబరు 1.

డ్రైవరు ప్రేమదాసు పండగ సెలవుకు మొయినాబాద్ వెళ్లాడు. మోటరు లోపలే ఉన్నది.

అక్టోబరు 3, శుక్రవారం.

ఈ రోజు చాలా కోపం వచ్చిన రోజు. న్యాయమైన కోపమే.

పొద్దున ప్రేమదాసు వచ్చి తాళంచెవి తీసుకున్నాడు. ఉన్నది ఒక్కటే చెవి, అది నా దగ్గరే ఉంటుంది. పెట్టి తిప్పాడు, తిరగలేదు. "సేటూ, ఏడాది సంది బిగుసుగ తిరుగుతున్నదని చెప్తనే ఉన్న. మా బాపుకు ఒకసారి చూపిద్దామంటే మీరు వద్దంటిరి" అన్నాడు. కాపలా తాళం బిగుసుగానే ఉండాలని నా అభిప్రాయం. పక్కకు జరగమని నేనే పట్టుకున్నాను. వట్టి చేత్తో కాలేదని చెవి రింగులో ఇనప కమ్మి దూర్చి తిప్పాను. టప్పున విరిగింది. చెవి పన్ను లోపల, రింగు నా చేతిలో.

అప్పుడు చూశాను. రంధ్రం చుట్టూ గీతలు. సన్నగా, పదునైన దానితో గీసినట్టు. ఇంతకు ముందు ఎన్నడూ నేను వాటిని చూడలేదు. లోపల మోటరు పక్కన రెండు పెట్రోలు డబ్బాలున్నాయి. ఈ యుద్ధం వచ్చాక పెట్రోలు చీటీల మీద ఇస్తున్నారు, దాని కోసం ఎవడి మనసైనా తప్పుతుంది. దొంగచెవి పెట్టి ఎవరో తిప్పారు, తాళం పాడయింది. ఈ తాళం గురించి, ఆ డబ్బాల గురించి తెలిసినవాడు నేను కాక ఇంకొక్కడే. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

ఎదుటి దుకాణం అనంతయ్య, అంగడికి వచ్చిన పదిమంది రైతులు, బస్సు కోసం నిలబడ్డవాళ్లు, అందరూ ఉన్నారు. నేను అనవలసింది అన్నాను.

ప్రేమదాసు ముఖం తెల్లబోయింది. "సేటూ, నేను దాన్ని ముట్టలే. ఎనిమిదేండ్ల సంది మీ మోటరు తోల్తున్న, నా చేతుల మీద ఒక్క మాట వచ్చిందా?" అన్నాడు.

"ముట్టకుంటే గీ గీతలు ఎట్ల వచ్చినయి? పరలోకం నుంచి దిగినయా?" అన్నాను.

వాడు తన ఖాకీ టోపీ తీసి అరుగు మీద పెట్టి రోడ్డెక్కాడు. మొయినాబాద్ బస్సు అప్పుడే వచ్చింది. అందులో మా మాటలు విన్నవాళ్లు కూడా ఎక్కారు.

మాటలు కొంచెం ఎక్కువయ్యాయేమో. కొంచెమే.

అక్టోబరు 4.

తాళం బాగుచేయడం పెద్ద విద్య ఏమీ కాదు. చమురు లేక పట్టేస్తుంది, అంతే. నేనే ఇంకో గరిటెడు ఆముదం పోశాను.

అక్టోబరు 5.

ఇంకో గరిటెడు.

అక్టోబరు 6.

కమ్మరి మాణిక్యం వచ్చాడు. వస్తూనే సమ్మెట భుజాన వేసుకొచ్చాడు. "ఒక్క దెబ్బ సేటూ, తలుపు తలుపే వస్తది" అన్నాడు. టేకు తలుపు, నాయన దగ్గర కూర్చుని చేయించింది. పంపించేశాను. పట్నంలో తాళాలాయనకు బస్సు మీద కబురు పెడితే చేవెళ్ల దాకా రానన్నాడట.

అక్టోబరు 8.

అన్నం పెడుతూ సుమిత్ర అన్నది: "మొయినాబాద్ నుంచి శంకర్‌పల్లి దాకా పట్టేసిన తాళం తెరిచేటోడు ఒక్కడే. మీరు ఆయన కొడుకునే ఎళ్లగొట్టిన్రు."

ప్రేమదాసు తండ్రి దయానందం. చిన్నప్పుడు క్రైస్తవ మిషను వాళ్ల కార్ఖానాలో పని నేర్చుకున్నాడు. గడియారాలు, బోరింగులు, తాళాలు, ఏదైనా బాగుచేస్తాడని అంటారు. అంటే అననీ. నేను పిలవను. దొంగతనం కొడుకుది, రిపేరు తండ్రిదా? నవ్విపోతారు.

అక్టోబరు 9, గురువారం.

వచ్చాడు. నేను పిలవలేదు, సుమిత్ర కబురు పెట్టింది. నేను వద్దనలేదు.

పొద్దటి బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, కళ్లద్దాల ఒక కాడకు బదులు దారం. చంకలో గుడ్డ చుట్ట. "దండం సేటూ, ఏది తాళం?" అన్నాడు. అంతే. కొడుకు మాట ఎత్తుతాడని నేను రాత్రంతా జవాబులు సిద్ధం చేసుకుని ఉన్నాను. మంచి జవాబులు. ఒక్కటీ పనికి రాలేదు.

మోటరుఖానా ముందు నేల మీద గుడ్డ పరిచాడు. అందులో వరసగా కుట్టిన జేబులు, ఒక్కో జేబులో ఒక్కో సామాను. ఆకురాళ్లు చిన్నవీ పెద్దవీ, కొక్కేలు, సన్న పట్టకారు. "మా ఇంటామె కరుణమ్మ కుట్టింది. పని అయినంక ఏ జేబు ఖాళీ ఉన్నదో చూస్తే చాలు, ఏది మరిచిపోయిన్నో ఎర్క అయితది" అన్నాడు. నా దుకాణంలో ముప్పై ఏళ్లుగా బియ్యం కొలిచే రాగి సోలె వెతుక్కుంటున్నాను.

తాళాన్ని ముట్టుకోలేదు. ముందు తలుపుకు తన చెవి ఆనించి, గోటి వెనక భాగంతో మెల్లగా తట్టాడు. అక్కడ తట్టాడు, ఇక్కడ తట్టాడు. దవాఖానలో డాక్టరు రొమ్ము మీద తట్టినట్టు. తరవాత కోడి ఈక తీసి కిరసనాయిలులో ముంచి, ఒక్క బొట్టు రంధ్రంలోకి జార్చాడు. కూర్చున్నాడు. అరగంటకు ఇంకో బొట్టు.

"గింతేనా?" అన్నాను.

"గుంజొద్దు, కొట్టొద్దు సేటూ. జర నాననియ్యాలె. గుంజినకొద్దీ అది మొండికేస్తది."

ఉండబట్టలేక నేనే అన్నాను: "నీ కొడుకు సంగతి తెల్సిందా?"

"తెల్సింది."

"మరి వచ్చినవ్?"

"తాళానికి మావోడెవడో ఎర్క లేదు గద సేటూ. అది పట్టేసింది, వచ్చిన." ఇలా అంటూ ఈక మళ్లీ ముంచాడు. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

రోజంతా గల్లా మీద కూర్చుని ఆయన్నే చూశాను. ఉప్పు అడిగిన ముసలమ్మకు బెల్లం కట్టి ఇచ్చాను. ఆమె మాట్లాడకుండా తీసుకుపోయింది.

అక్టోబరు 10.

ఈ రోజు విరిగిన పన్ను బయటికి వచ్చింది. అది ఎలా వచ్చిందో రాసి పెట్టుకోవాలి.

సైకిల్ పుల్ల ఒకటి నిప్పుల మీద కాల్చి, కొనను గోరంత వంచి, ఆకురాయితో నున్నగా చేశాడు. దాన్ని రంధ్రంలోకి పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఎండ ముఖం మీద పడుతున్నది, ఈగ వాలింది, కదల్లేదు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"కండ్లు మూసుకున్నవేంది?" అన్నాను.

"లోపట కండ్లతోని ఏం పని? వేళ్లే చూస్తయి."

వేళ్లు వెంట్రుకవాసి కదులుతున్నాయి, ఆగుతున్నాయి. మూడుసార్లు పన్ను దొరికినట్టే దొరికి జారిపోయింది. మూడుసార్లూ ఆయన నోట ఒక్క చెడ్డమాట రాలేదు. నేనైతే తాళం పుట్టుక దగ్గరి నుంచి తిట్టేవాణ్ణి. నాలుగోసారి పుల్ల వెంట నల్లటి ముక్క వచ్చి గుడ్డ మీద పడింది. అప్పుడు నవ్వాడు. పిల్లవాడికి మొదటి పన్ను ఊడితే తల్లి నవ్వినట్టు ఉన్నది ఆ నవ్వు.

సుమిత్ర ఆకులో మురుకులు పంపింది. సగం తిని, సగం కరుణమ్మకని కట్టుకున్నాడు. నీళ్లు తన సొరకాయ బుర్రలోవే తాగాడు. మా ఇంటి చెంబు ముట్టకూడదని ఆయనకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. ఎన్నడూ లేనిది, అది చూస్తే నాకు ఇబ్బంది అయింది.

అక్టోబరు 11, శనివారం.

తలుపు తెరుచుకున్నది.

మధ్యాహ్నం బజారు కునుకు తీసేవేళ. కొక్కేలు రెండు పెట్టి ఆయన ఒక చేత్తో ఎత్తి, ఒక చేత్తో తోశాడు. లోపల 'టక్' మన్నది. ఇంత చిన్న చప్పుడు కోసమా ఎనిమిది రోజులు అనిపించింది. ఆయన తలుపు తోసి, తాను పక్కకు తప్పుకుని నన్ను ముందు వెళ్లమన్నాడు. ఇల్లు నాది కదా.

మోటరు ఉన్నది. పెట్రోలు డబ్బాలు రెండూ ఉన్నాయి. మూతలకు వేసిన లక్క ముద్ర చెక్కు చెదరలేదు. ఆయన చూశాడు. నేను చూశాను. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

నాలుగు మరలు ఊడదీసి, తాళాన్ని రెండు చేతులతో పట్టుకొచ్చి ఎండలో గుడ్డ మీద పెట్టాడు. వెనక రేకు విప్పాడు. లోపల తాళం కనిపించలేదు. ఎర్రటి మడ్డి కనిపించింది. ఇటుక ముక్కలా గట్టిపడిన మడ్డి, దాని పైన జిగట జిగటగా కొత్త ఆముదం. వెదురు పుల్లతో కొంచెం కొంచెం తీసి కాగితం మీద వేశాడు. పసుపు వాసన. నల్లబడిన బియ్యం గింజలు. చెవి తిప్పితే వేరువేరుగా లేవాల్సిన ఐదు ఇత్తడి పలకలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఒక్కటే పలక అయ్యాయి. దయానందం ఒక అక్షింత గింజను వేలి మీద పెట్టుకుని చూశాడు. తరవాత రంధ్రం చుట్టూ ఉన్న గీతల మీద బొటనవేలు ఆనించాడు.

ఆ గీతలు నావి. ప్రతి దసరాకూ ఇనప పుల్లతో నా చేత్తో నేను గీకినవి. ఈ మాట ఇక్కడైనా సూటిగా రాయకపోతే ఇక ఎక్కడా రాయలేను. దొంగచెవి లేదు, దొంగ లేడు. పన్నెండేళ్లు పూజ చేసి తాళం గొంతు నేనే నొక్కాను, ఆ నేరం ప్రేమదాసు నెత్తిన వేశాను.

అంతలో అనంతయ్య నిద్ర లేచి రోడ్డు దాటి వచ్చాడు. "ఏం దయానందం, దొంగచెవి పెట్టిన జాడ దొరికిందా?"

కొడుకు మీద పడ్డ మచ్చ తుడవడానికి ఆ తండ్రికి ఒక్క మాట చాలు. ఆ మాట కాగితం మీద ఎర్రగా కుప్పపోసి ఉన్నది. కానీ నేను చూసేసరికి కాగితం మడిచి ఉన్నది, దాని మీద ఆయన చెయ్యి ఉన్నది.

"పాత తాళం సేటూ. లోపట పట్టేసింది" అన్నాడు.

"ఎట్ల పట్టేసింది?"

"ముసలితనం. మనకు పట్టేయదా మోకాలు?"

అనంతయ్య నా వైపు చూశాడు. నేను మోటరు చక్రం వైపు చూశాను. ఆయన వెళ్లిపోయాడు.

అప్పుడు అడిగాను, నా గొంతు నాకే వినబడనంత మెల్లగా: "ఎందుకు చెప్పలే దయానందం?"

"నేను తాళాలోణ్ణి సేటూ. ఒకరింటి తాళంల చూసింది రెండోవాళ్లకు చెప్పొద్దు. పని నేర్పేటప్పుడే మా ఉస్తాద్ ప్రమాణం చేయించిండు. యాభై ఏండ్లయింది. ఎన్ని తాళాలల్ల ఏమేం చూసిన్నో నా తోనే పోతది."

"గని ఇది నీ కొడుకు సంగతి."

ఆయన కొంచెంసేపు పలకలు తుడిచాడు. "ఔ. నా కొడుకు సంగతే" అన్నాడు. "గని తాళం మీది. చెప్తే మీరు చెప్పాలె."

ఇంతటి మనిషిని నేను ఈ బజారులో చూడలేదు. పట్నంలోనూ చూడలేదు. రేపే చెబుతాను.

అక్టోబరు 12.

ఆదివారం. దయానందం ప్రార్థనకు ఇంటికి వెళ్లాడు. దుకాణాలు సగం మూసి ఉన్నాయి. ఎవరికి చెప్పను?

అక్టోబరు 13.

దయానందం వచ్చి కొత్త చెవి చేశాడు. ఇత్తడి ముక్కకు దీపం మసి పట్టించి, తాళంలో పెట్టి కొద్దిగా తిప్పి తీస్తాడు. ఎక్కడ పలక తగిలిందో అక్కడ మసి పోతుంది, అక్కడ మాత్రమే ఆకురాయి వేస్తాడు. మళ్లీ మసి, మళ్లీ తిప్పుడు. సాయంత్రానికి చెవి రెండు వేళ్లతో తిరిగింది. తాళం తలుపుకు బిగించాక నేనే ఒక ముప్పైసార్లు తిప్పాను, ఊరికే, ఆ సుఖం కోసం.

మనిషి మాత్రం మొన్నటిలా లేడు. ముఖం పీక్కుపోయింది. మురుకులు ముట్టలేదు. ప్రయాణం అలసట అయి ఉంటుంది. వెళ్లేముందు ఒక్కటే అన్నాడు: "నూనె పోయకుండ్రి సేటూ. దండం దూరంకెళ్లి పెట్టినా అమ్మవారికి ముడుతది."

అక్టోబరు 14.

వాన. బజారులో ఎవరూ లేరు. చెబుదామంటే వినేవాళ్లు ఉండాలి కదా.

అక్టోబరు 15.

ఎండ. అందరూ ఉన్నారు. కానీ అందరూ తొందరలో ఉన్నారు.

అక్టోబరు 17.

గొంతు బాగాలేదు. సుమిత్ర మిరియాల పాలు ఇచ్చి, "బేరం చేసేటప్పుడు మంచిగనే ఉన్నది గద గొంతు" అన్నది. ఆమెకు అంతా తెలుసు. ఆ ఎర్రటి మడ్డి పొట్లం ఆమే పారేసింది.

అక్టోబరు 18.

ఏమీ లేదు.

అక్టోబరు 20. దీపావళి.

లక్ష్మీపూజ. తాళానికి దూరం నుంచి దండం పెట్టాను.

అక్టోబరు 21.

అనంతయ్య కబురు తెచ్చాడు. మొయినాబాద్‌లో రోడ్డు పనుల గుత్తేదారు ఒకాయన తన లారీకి డ్రైవరు కావాలంటే ప్రేమదాసు వెళ్లాడట. "చేవెళ్ల కాశీనాథ్ సేటు పెట్రోలు దొంగవని ఎళ్లగొట్టిండట గద, నాకొద్దు నాయనా" అని పదిమందిలో పంపించేశాడట. అనంతయ్య దీన్ని నాకు మెప్పులాగా చెప్పాడు. "నీ మాటకు ఎంత విలువున్నదో చూసినవా!" అన్నాడు.

నా మాటకు అంత విలువ ఉన్నదని నాకు తెలియదు. అన్నం దిగలేదు. సుమిత్ర వడ్డించడం ఆపి నా ముందు కూర్చున్నది. "ఆ ముసలాయన నోరు మూసుకొని మన ఇంటి పరువు కాపాడిండు. మీరు నోరు తెరిచి ఆయన ఇంటి పరువు కాపాడుండ్రి. ఇంక నాతోని మిరియాల పాలు కాపియ్యకుండ్రి" అన్నది.

అక్టోబరు 22, బుధవారం.

చెప్పాను.

దుకాణం అరుగు మీద నిలబడి, ప్రేమదాసును ఎక్కడ నిలబెట్టి అన్నానో అక్కడి నుంచే చెప్పాను. కుంకుమ, అక్షింతలు, ఆముదం, ఇనప పుల్ల, గీతలు, అన్నీ. దొంగతనం జరగలేదని, తప్పు నాదని.

అనంతయ్య పొట్ట పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. "ఓరి నీ పూజ పాడుగాను! పన్నెండేండ్లు లక్ష్మిని తాళంల పెట్టి ఊపిరాడకుండ చేసినవా కాశీనాథూ!" బజారంతా నవ్వింది. కమ్మరి మాణిక్యం నవ్వి నవ్వి దగ్గాడు. నా చెవులు మండిపోయాయి, అయినా చావలేదు. నలుగురు నవ్వితే మనిషి చావడని ఈ వయసులో తెలిసింది.

సాయంత్రం బస్సు కండక్టరుతో ప్రేమదాసుకు కబురు పెట్టాను: తప్పు నాదని అందరి ముందూ చెప్పాను, టోపీ ఇక్కడే ఉన్నది, పనిలోకి రా.

అక్టోబరు 24.

జవాబు వచ్చింది. కండక్టరు ఉన్నదున్నట్టు చెప్పాడు: "నా పేరు మొయినాబాద్ల గూడ పోయింది. అది పోయిన కాడికి వచ్చి చెప్పాలె సేటు."

పొగరు! నేను బజారులో నవ్వులపాలు అయ్యాను, ఇది చాలదా?

రాత్రి. చాలదు. బస్సెక్కి పోయింది కదా నా మాట. వెనక్కి తేవడానికి నేనూ బస్సెక్కాలి.

అక్టోబరు 26, ఆదివారం.

ఇప్పుడే తిరిగి వచ్చాను. చెప్పులు విప్పకుండానే రాస్తున్నాను.

ప్రార్థన అయ్యే వేళకు మొయినాబాద్ చేరాను. వాళ్ల ప్రార్థన మందిరం చిన్న పెంకుటిల్లు. బయట నిలబడ్డాను. పాట అయిపోయి జనం బయటికి వస్తుంటే ముందు దయానందం కనిపించాడు, పక్కన ఒక ముసలామె. కరుణమ్మ అని అర్థమయింది. ప్రేమదాసు వాళ్లతో లేడు. చాలా వెనకగా, వేరుగా వస్తున్నాడు. రోడ్డు మీద చాయ దుకాణం దగ్గర గుత్తేదారు మనుషులు కూర్చుని ఉన్నారు, ఆయనా ఉన్నాడు. మంచిదే అనుకున్నాను. అందరికీ వినబడేలా పిలిచాను: "ప్రేమదాసూ, జర నిలబడు. నేను చెప్పేది అందరు వినుండ్రి."

చేవెళ్లలో చెప్పిందంతా చెప్పాను. చివరికి ఇది కూడా చెప్పాను: "ఈ దయానందం తాళం ఇప్పిన నాడే అంతా చూసిండు. అనంతయ్య మొఖం మీద అడిగినా నా పరువు పోతదని నోరిప్పలే. గిసొంటి మనిషి కొడుకును నేను దొంగ అన్న. నాది తప్పు."

గుత్తేదారు లేచి వచ్చి, "గట్లయితే రేపటి సంది లారీ మీదికి రా పిలగా" అన్నాడు. ప్రేమదాసు ఆయన మాట విన్నట్టు లేదు. నన్నూ చూడటం లేదు. తండ్రిని చూస్తున్నాడు.

"బాపూ, నీకు ఎర్కనేనా?"

"ఎర్కే" అన్నాడు దయానందం.

"ఎప్పటి సంది?"

"ఇప్పిన దినం సంది."

"నేను అడిగిన గద. ఆ ఐతారం నీ ముందల కూసోని అడిగిన గద, తాళంల ఏం చూసినవ్ బాపూ అని."

"అడిగినవ్ బిడ్డా."

"చెప్పకపోతివి!"

దయానందం తల వంచుకున్నాడు. "ఇల్లు వాళ్లది" అన్నాడు.

బజారుకు చెప్పలేదని మాత్రమే అనుకున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. కన్నకొడుక్కు కూడా చెప్పలేదు.

కరుణమ్మ నా వైపు తిరిగింది. ఆమెకు నా మీద కోపం ఉన్నదో లేదో తెలియలేదు, గొంతు మాత్రం అలిసి ఉన్నది. "'బాపు తాళంల దొంగచెవి జాడ చూసిండు, నన్ను దొంగ అనుకుంటున్నడు, అందుకే చెప్తలేడు' అనుకున్నడు వీడు. ఆనాటి సంది తండ్రితోని మాట లేదు. ఈయన తిని లేచినంక వీడు గడప బయట కూసోని తింటడు. నేను అడిగితే నాకూ చెప్పలే. ఇద్దరికి రెండుసార్లు వడ్డించి వడ్డించి నాకు చేతులు పోయినయి సావుకారీ" అన్నది.

పద్నాలుగు రోజులు. ఒక్క మాటతో కొడుకును దగ్గరికి తీసుకోగలిగిన మనిషి, నేను చెబుతానని నమ్మి, పద్నాలుగు రోజులు ఇంట్లో పరాయివాడిగా తిన్నాడు. నేను వాన అని రాసుకున్నాను, ఎండ అని రాసుకున్నాను.

ప్రేమదాసు వచ్చి తండ్రి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఏదో అనబోయి ఏడ్చాడు. "ఏడుస్తవేందిరా, అందరు చూస్తున్నరు" అన్నాడు దయానందం, కళ్లద్దాలు పైకి తోసి తన కళ్లు తుడుచుకుంటూ. దారం కాడ ఊడి చేతికి వచ్చింది. కొడుకే దాన్ని మళ్లీ చెవికి చుట్టాడు.

ఖాకీ టోపీ సంచిలో తీసుకెళ్లాను. ఇచ్చాను. ప్రేమదాసు తీసుకున్నాడు గానీ పనిలోకి వస్తాననలేదు. నేనూ అడగలేదు. మంచి డ్రైవరు పోయాడు. పోవలసిందే. దయానందానికి దండం పెట్టాను. జీవితంలో ఏ నౌకరు తండ్రికీ నేను దండం పెట్టలేదు. ఆయన కంగారుపడి, "సేటూ, బస్సు పోతది, నడువుండ్రి" అన్నాడు.

వాళ్ల ఇల్లు రోడ్డు పక్కనే. బస్సు కోసం నిలబడితే గుమ్మంలోంచి కనిపిస్తున్నది. నన్ను సాగనంపడానికి ఎవరూ రాలేదు. కరుణమ్మ రెండు పళ్లాలు ఒకేసారి పెట్టింది. వాళ్లు అన్నానికి కూర్చున్నారు.